నీకయ సభ నుంచి కాల్సిడాన్ వరకు: తొలి క్రైస్తవ సంఘంలో చక్రవర్తులు ఐక్యతను ఎలా అమలు చేశారు?

మీ ప్రశ్న సారాంశం ఇది: క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నీకయ పట్టణంలో బిషప్పులను సమావేశపరచి, ఓటింగు జరిపి, యేసును దేవుడిగా ప్రకటింపజేసి, బైబిలులో ఏ పుస్తకాలు ఉండాలో తేల్చి, ఒప్పుకోనివారిని కత్తితో అణచి ఒకే క్రైస్తవాన్ని నిలబెట్టాడని అంటారు, ఇందులో నిజమెంత? ఈ మాట మన దగ్గర కూడా తరచుగా వినిపిస్తోంది కాబట్టి, రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాల చరిత్రను చాలాకాలం బోధించినవాడిగా కొంత వివరంగానే సమాధానం రాస్తున్నాను.

క్రైస్తవ సంఘాన్ని ఒక్కటిగా ఉంచడానికి చక్రవర్తులు అధికారాన్ని వాడారన్నది నిజం. కానీ అది ఒక్క సభలో, ఒక్క రోజులో, ఒక్క చక్రవర్తి చేతిలో జరిగిన పని కాదు. వారు వాడిన ఆయుధం ప్రధానంగా కత్తి కూడా కాదు. చర్చి భవనం ఎవరికి చెందాలి, ఖజానా సొమ్ము ఎవరికి అందాలి, ఏ గురువుకు నిర్బంధ సేవల నుంచి మినహాయింపు ఉండాలి, ఏ బిషప్పును ఊరు దాటించాలి, ఎవరి వీలునామా చెల్లదు అన్నవి నిర్ణయించే అధికారమే వారి అసలు బలం. ఈ అధికారంతో వారు సంతకాలు సంపాదించగలిగారు గాని నమ్మకాలను సంపాదించలేకపోయారు. పైగా చక్రవర్తి మారినప్పుడల్లా ఒత్తిడి దిశ కూడా మారుతూ వచ్చింది. కాబట్టి గెలిచిన సిద్ధాంతాన్ని చక్రవర్తులే గెలిపించారని ఒక్క మాటలో తేల్చేయడం చరిత్రకు అన్యాయం చేయడమే అవుతుంది.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. సామ్రాజ్యాన్ని ఏలేవాడికి బిషప్పుల తగాదాతో పనేమిటి? రోమన్లకు మతం వ్యక్తిగత విషయం కాదు. దైవారాధన సక్రమంగా జరిగితేనే పంటలు, యుద్ధాలు, రాజ్యం నిలుస్తాయని, అది సక్రమంగా జరిగేలా చూడడం పాలకుడి బాధ్యత అని వారు శతాబ్దాలుగా నమ్మారు. 303లో డయోక్లీషియన్ క్రైస్తవులను హింసించడానికి కారణమైన ఆలోచన ఏదో, పదేళ్ల తరువాత కాన్‌స్టంటైన్ క్రైస్తవులలో చీలికలను చూసి కలవరపడడానికి కూడా అదే ఆలోచన కారణం. ఆరాధించే దేవుడు మారాడు గాని, ఆరాధనలో తేడా వస్తే దైవాగ్రహం రాజ్యం మీద పడుతుందన్న భయం మారలేదు. 314లో ఆఫ్రికాలోని తన అధికారికి రాసిన ఉత్తరంలో కాన్‌స్టంటైన్ ఈ భయాన్ని దాచుకోలేదు. ఈ కలహాలను చూసీ చూడనట్టు వదిలేస్తే దైవం మానవజాతి మీదనే గాక, పాలనను అప్పగించిన తన మీద కూడా ఆగ్రహించవచ్చునని రాశాడు.

ఆ ఉత్తరానికి సందర్భం నీకయ కాదు, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్. నా దృష్టిలో ఈ చరిత్రంతటికీ తాళంచెవి అక్కడే ఉంది. డయోక్లీషియన్ హింసాకాలంలో లేఖన గ్రంథాలను అధికారులకు అప్పగించిన బిషప్పులను అక్కడి క్రైస్తవులు ద్రోహులుగా చూశారు. కార్తేజ్‌కు కేసిలియన్ బిషప్పు అయినప్పుడు, అతనికి అభిషేకం చేసినవారిలో ఫెలిక్స్ అనే అలాంటి ద్రోహి ఉన్నాడని, కనుక ఆ అభిషేకం చెల్లదని ఒక వర్గం ఎదురు తిరిగి వేరే బిషప్పును ఎన్నుకుంది. ఆ వర్గానికి తరువాత నాయకుడైన డొనాటస్ పేరు మీద వారిని డొనాటిస్టులు అన్నారు.

సరిగ్గా ఆ సమయంలో, 313 ప్రాంతంలో, కాన్‌స్టంటైన్ ఆఫ్రికా సంఘాలకు సహాయం పంపాడు. 3000 ఫోలిస్‌ల సొమ్ము కేసిలియన్ చేతికి అందాలని, దానిని ఒక జాబితా ప్రకారం పంచాలని ఆదేశించాడు. ఆ జాబితా తయారు చేసినవాడు స్పెయిన్‌లోని కోర్డోబా బిషప్పు హోసియస్. మరో ఉత్తర్వులో, కేసిలియన్ పెద్దగా ఉన్న సంఘపు గురువులకు నగరపాలన సంబంధమైన నిర్బంధ బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చాడు. ఆ కాలంలో కాస్త ఆస్తి ఉన్నవాడిని కుంగదీసే ఖర్చులన్నీ ఆ బాధ్యతలలోనే ఉండేవి. అంటే అప్పటివరకు రెండు వర్గాల మధ్య వాదనగా ఉన్నది ఆ క్షణం నుంచి ఖజానాకు సంబంధించిన ప్రశ్న అయింది. సొమ్ము ఇవ్వాలంటే అసలైన సంఘం ఏదో ప్రభుత్వం తేల్చుకోక తప్పదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. తీర్పు చెప్పమని చక్రవర్తి గడప తొక్కింది కేసిలియన్ కాదు, అతని వ్యతిరేకులే. 313లో వారే ప్రాంతీయ పాలకుడి ద్వారా అర్జీ పంపారు. తరువాత "చక్రవర్తికి సంఘంతో ఏం పని?" అని డొనాటస్ అడిగిన మాట ప్రసిద్ధమే గాని, ఆ మాట పుట్టింది తీర్పులన్నీ తమకు వ్యతిరేకంగా వచ్చిన తరువాత. 313లో రోమ్ నగరంలో బిషప్పుల విచారణ, 314లో ఆర్ల్ నగరంలో సభ, ఆ తరువాత ఫెలిక్స్ గ్రంథాలు అప్పగించలేదని తేల్చిన అధికారిక దర్యాప్తు, 316లో చక్రవర్తి స్వయంగా ఇచ్చిన తీర్పు, అన్నీ కేసిలియన్‌కే అనుకూలించాయి. దాని వెంట డొనాటిస్టుల చర్చిలను స్వాధీనం చేసుకోవాలన్న ఆదేశం వచ్చింది, సైనికులు దిగారు, రక్తం చిందింది, అమరవీరుల కథలు పుట్టాయి. హింసాకాలపు జ్ఞాపకం మీదనే నిలబడిన సంఘాన్ని మళ్లీ హింసతో లొంగదీయాలనుకోవడం ఎంత తప్పుడు లెక్కో కాన్‌స్టంటైన్‌కు నాలుగైదేళ్లలో అర్థమైంది. 321లో బలప్రయోగం మానేసి, వారి సంగతి దేవుడికే వదిలేశాడు. తరువాత ఒకసారి, తాను కట్టించిన చర్చిని డొనాటిస్టులు ఆక్రమించుకుంటే, దానిని విడిపించడానికి సైన్యాన్ని పంపకుండా తన వర్గం వారికి ఖజానా ఖర్చుతో మరో చర్చి కట్టించి ఇచ్చాడు.

ఇప్పుడు నీకయకు వద్దాం. 324 సెప్టెంబరులో లిసీనియస్‌ను ఓడించి కాన్‌స్టంటైన్ సామ్రాజ్యం మొత్తానికి ఏకైక పాలకుడయ్యాడు. తూర్పు ప్రాంతం చేతికి రాగానే అక్కడ మరో తగాదా సిద్ధంగా ఉంది. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే గురువు, కుమారుడు తండ్రి చేత కలిగినవాడు గనుక ఆయనకు ఆరంభం ఉంది, ఆయన లేని స్థితి ఒకటి ఉండేది అని బోధించాడు. అతని బిషప్పు అలెగ్జాండర్ దానిని ఖండించి అతన్ని వెలివేశాడు. పాలస్తీనా, ఆసియా మైనర్ ప్రాంతాల బిషప్పులు కొందరు అరియస్‌ను సమర్థించారు. గమనించండి, ఈ ఇరుపక్షాలూ క్రీస్తును ఆరాధించేవారే, ఇరుపక్షాలూ ఆయనను దైవంగా సంబోధించినవారే. ఆ దైవత్వం తండ్రి దైవత్వంతో సమానమా, లేక సృష్టిలో అత్యున్నతమైనదా అన్నదే అసలు వివాదం. నీకయకు ముందు యేసును మామూలు మనిషిగా భావించిన సంఘం, నీకయ తరువాత దేవుడిగా మార్చిందన్న ప్రచారానికి ఆధారం లేదు.

కాన్‌స్టంటైన్ మొదట ఇద్దరికీ కలిపి ఒక ఉత్తరం రాసి హోసియస్ చేత పంపాడు. ఇది తీరిక ఎక్కువైనవారికి పుట్టే ప్రశ్న అని, ఇలాంటివి అడగడమూ తప్పే, జవాబు చెప్పడమూ తప్పే అని, కలిసిపోయి తనకు ప్రశాంతమైన పగళ్లను, చింతలేని రాత్రులను తిరిగి ఇవ్వమని వేడుకున్నాడు. సిద్ధాంతాన్ని రుద్దాలనుకునేవాడు రాసే ఉత్తరం కాదు ఇది. సమస్య లోతు తెలియని పాలకుడు, గొడవ సద్దుమణిగితే చాలనుకుని రాసిన ఉత్తరం. అది ఫలించకపోయేసరికి సభ పిలిచాడు. అంకారాలో జరగవలసిన సభను నీకయకు మార్చి, ఇటలీ వైపు నుంచి వచ్చేవారికి ఇది అనుకూలమని, వాతావరణం బాగుంటుందని, తాను దగ్గరుండి చూడవచ్చునని కారణాలు చెప్పాడు. నేటి తుర్కియేలో ఇజ్నిక్ అని పిలిచే ఊరు అది. బిషప్పుల ప్రయాణానికి ప్రభుత్వ రవాణా వ్యవస్థలోని గుర్రాలను, బండ్లను ఇచ్చాడు. సాధారణంగా ఆ సదుపాయం అధికారులకు, రాజదూతలకు ఉండేది.

ఆ సభ ప్రారంభాన్ని స్వయంగా చూసిన కైసరియ బిషప్పు యూసేబియస్ వర్ణన మనకు దక్కింది. రాజప్రాసాదంలోని పెద్ద మందిరంలో ఇరువైపులా వరుసలుగా బిషప్పులు కూర్చున్నారు. రాక సూచన అందగానే అందరూ లేచి నిలబడ్డారు. రత్నాలు పొదిగిన ఊదారంగు రాజవస్త్రంతో కాన్‌స్టంటైన్ నడిచి వచ్చి, తనకోసం వేసిన చిన్న బంగారు ఆసనం ముందు నిలబడి, బిషప్పులు సైగ చేసేవరకు కూర్చోలేదు. ఆ మందిరంలో ఉన్నవారిలో హింసాకాలపు మచ్చలు మోస్తున్నవారు ఉన్నారు. ఈజిప్టుకు చెందిన పాఫ్నూషియస్‌కు ఆ రోజులలోనే ఒక కన్ను పోయిందని తరువాతి చరిత్రకారులు రాశారు. తమ పుస్తకాలను తగులబెట్టి, తమ ప్రార్థనా మందిరాలను కూలగొట్టిన సింహాసనం మీది మనిషి ఇప్పుడు తమ అనుమతి కోసం నిలబడి ఉన్నాడు. వారిమీద పనిచేసిన ఒత్తిడి ఏమిటో ఈ దృశ్యం చెబుతుంది. ఆ ఒత్తిడిలో భయం కన్నా కృతజ్ఞత పాలే ఎక్కువ. కృతజ్ఞతతో ఉన్నవాడికి కాదనడం భయపడేవాడికన్నా కష్టమని నా నమ్మకం.

అరియస్ పక్షం ఒప్పుకోలేని విధంగా, కుమారుడు తండ్రితో "ఏకతత్వం గలవాడు" అన్న మాటను విశ్వాస ప్రమాణంలో చేర్చారు. లేఖనాలలో లేని ఆ పదం చాలామంది బిషప్పులకు ఇబ్బందిగానే ఉంది. సంతకం పెట్టిన యూసేబియస్ తన సంఘానికి ఉత్తరం రాసి, తాను ఎందుకు ఒప్పుకున్నాడో వివరించుకోవలసి వచ్చింది. చక్రవర్తే ఆ పదాన్ని సమర్థించాడని, దానికి శారీరకమైన అర్థం లేదని వివరించాడని అందులో చెప్పుకున్నాడు. చివరకు లిబియాకు చెందిన ఇద్దరు, థియోనాస్, సెకుండస్, సంతకం పెట్టలేదు. అరియస్‌తో పాటు వారికి దేశ బహిష్కరణ శిక్ష పడింది. అరియస్ రాతలను తగులబెట్టాలని, దాచినవారికి మరణశిక్ష అని చక్రవర్తి ఉత్తర్వు ఇచ్చాడు. బిషప్పుల సభ ఇచ్చిన తీర్పును రాజ్యం శిక్షగా అమలు చేయడం అనే పద్ధతి అలా స్థిరపడింది. నీకయలో నిజంగా కొత్తది సిద్ధాంతం కాదు, ఈ పద్ధతే.

ఇక్కడితో కథ ముగిసిపోయిందని మీరు విన్న ప్రచారం చెబుతుంది. నిజానికి ముగిసింది మొదటి అంకం మాత్రమే. కాన్‌స్టంటైన్ కొద్ది సంవత్సరాలలోనే మనసు మార్చుకుని అరియస్‌ను, అతని మద్దతుదారు నికొమీదియ యూసేబియస్‌ను వెనక్కి రప్పించాడు. నీకయ ప్రమాణం కోసం పట్టుబట్టిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్‌ను 335లో ట్రియర్ నగరానికి బహిష్కరించాడు. ఆ బహిష్కరణకు వెనుక ఉన్న ఆరోపణ కూడా గమనించదగ్గది. అలెగ్జాండ్రియా నుంచి కాన్‌స్టాంటినోపుల్‌కు వెళ్లే ధాన్యపు ఓడలను ఆపుతానని అతను బెదిరించాడని ప్రత్యర్థులు చెప్పారు. ధాన్యం ఆగితే రాజధాని పస్తులుంటుంది, అది చక్రవర్తి సహించగలిగే విషయం కాదు. 337లో మరణశయ్య మీద కాన్‌స్టంటైన్‌కు బాప్తిస్మం ఇచ్చినవాడు అరియస్ పక్షం వహించిన ఆ నికొమీదియ యూసేబియసే.

అతని కుమారుడు కాన్‌స్టాంటియస్ నీకయ ప్రమాణానికి పూర్తిగా ఎదురు తిరిగాడు. ఐక్యతను అమలు చేయడంలో తండ్రికన్నా మొండివాడు. 353లో ఆర్ల్‌లో, 355లో మిలాన్‌లో సభలు పెట్టి, అథనేసియస్‌ను ఖండిస్తూ సంతకం పెట్టాలని పశ్చిమ బిషప్పులను బలవంతపెట్టాడు. కాదన్నవారు ప్రవాసం పోయారు. రోమ్ బిషప్పు లిబేరియస్‌ను, గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతపు హిలరీని దూరప్రాంతాలకు పంపించారు. నీకయలో చక్రవర్తి కుడిభుజంగా ఉన్న హోసియస్, పండు ముదుసలి, ఇప్పుడు చక్రవర్తికే ఉత్తరం రాసి, "దేవుడు నీకు రాజ్యాన్ని ఇచ్చాడు, మాకు సంఘాన్ని అప్పగించాడు" అని హెచ్చరించాడు. నలభై ఏళ్ల క్రితం ఖజానా సొమ్ము పంచే జాబితా తయారు చేసిన చేయి అది. 356 ఫిబ్రవరిలో ఒక రాత్రి అలెగ్జాండ్రియాలో అథనేసియస్ ప్రార్థన నడిపిస్తుండగా సైన్యం చర్చిని చుట్టుముట్టి తలుపులు బద్దలు కొట్టింది. అతను తప్పించుకుని ఈజిప్టు ఎడారిలోని సన్యాసుల మధ్య తలదాచుకున్నాడు.

సంతకాలు ఎలా రాబట్టారో తెలుసుకోవాలంటే 359లో ఇటలీ తీరంలోని రిమిని పట్టణంలో జరిగిన సభను చూడాలి. నాలుగు వందల మందికి పైగా బిషప్పులు వచ్చారు. ప్రభుత్వం ఇచ్చే భోజన ఖర్చులు తీసుకుంటే మాట పడిపోతుందని గాల్, బ్రిటన్ ప్రాంతాల బిషప్పులు సొంత ఖర్చుతోనే ఉన్నారు. బ్రిటన్ నుంచి వచ్చిన ముగ్గురు మాత్రం, పేదవారు కావడం వల్ల, తోటివారి మీద భారం వేయడం కన్నా ఖజానా సొమ్ము తీసుకోవడమే మేలనుకున్నారు. సభ మొదట నీకయ ప్రమాణాన్నే సమర్థించింది. ఆ తీర్మానంతో వెళ్లిన ప్రతినిధులను చక్రవర్తి కలవకుండా తిప్పి తిప్పి, థ్రేస్‌లోని ఒక మజిలీలో వేరే ప్రమాణం మీద సంతకం పెట్టించాడు. రిమినిలో మిగిలినవారిని, అదే ప్రమాణానికి ఒప్పుకునేవరకు ఊరు కదలనివ్వవద్దని టారస్ అనే ఉన్నతాధికారికి ఆజ్ఞ అందింది. పని సాధిస్తే కాన్సుల్ అనే అత్యున్నత గౌరవ పదవి ఇస్తామన్న హామీ కూడా అతనికి ఉందని ఒక సమీపకాలపు రచయిత రాశాడు. 361లో టారస్ కాన్సుల్ అయ్యాడు. చలికాలం వచ్చింది, సొంత సంఘాలకు దూరమై నెలలు గడిచాయి, ఒక్కొక్కరే దిగివచ్చారు. లోకమంతా నిట్టూర్చి, తాను అరియస్ పక్షమై ఉండడం చూసి ఆశ్చర్యపోయిందని జెరోమ్ రాసిన ప్రసిద్ధ వాక్యం ఈ సందర్భంలోనిదే. క్రైస్తవుడు కాని చరిత్రకారుడు అమ్మియానస్‌కు ఇందులో కనిపించిన నష్టం వేరు. సభల నుంచి సభలకు గుంపులు గుంపులుగా పరుగెత్తే బిషప్పుల వల్ల ప్రభుత్వ రవాణా వ్యవస్థ నరాలు తెగిపోయాయని అతను ఫిర్యాదు చేశాడు.

ఇప్పుడు ఆలోచించండి. చక్రవర్తి శక్తే సిద్ధాంతాన్ని నిర్ణయించేదైతే 360 నాటికి నీకయ ప్రమాణం చరిత్రలో కలిసిపోవలసింది. రాజ్యం అంతగా దానికి వ్యతిరేకంగా పనిచేసింది. అది బతకడానికి కారణాలు రాజసభలో లేవు. ఈజిప్టు సన్యాసులు, పశ్చిమ సంఘాల పట్టుదల, కప్పదోకియ ప్రాంతపు బేసిల్, గ్రెగరీల రచనలు దానిని నిలబెట్టాయి. కాన్‌స్టాంటియస్ మరణంతో రిమిని ప్రమాణం పునాది కదిలింది. 378లో గోత్ జాతివారితో యుద్ధంలో వాలెన్స్ చక్రవర్తి చనిపోవడంతో దానికి తూర్పున ఉన్న అండ కూడా పోయింది.

ఆ తరువాత వచ్చిన థియోడోసియస్ నీకయ పక్షం. 380 ఫిబ్రవరిలో థెస్సలోనిక నుంచి కాన్‌స్టాంటినోపుల్ ప్రజలను ఉద్దేశించి ప్రకటించిన శాసనంలో, తన పాలనలోని ప్రజలందరూ రోమ్ బిషప్పు దమాసస్, అలెగ్జాండ్రియా బిషప్పు పీటర్ అనుసరించే విశ్వాసాన్నే పాటించాలని, వారే కాథలిక్కులన్న పేరుకు అర్హులని, మిగిలినవారు మతిలేనివారని, వారి కూడికలను చర్చిలని పిలవరాదని ఆదేశించాడు. సరైన విశ్వాసాన్ని వాక్యాలతో గాక మనుషుల పేర్లతో నిర్వచించడంలో పరిపాలనా తెలివి ఉంది. ఒక జిల్లా అధికారికి త్రిత్వ సిద్ధాంతం అర్థం కానక్కరలేదు. ఎదుట ఉన్న బిషప్పు ఫలానా వ్యక్తితో సహవాసంలో ఉన్నాడా లేడా అని అడిగితే చాలు. 381 జూలై శాసనం ఈ పద్ధతిని ఇంకా విస్తరించి, ప్రాంతాలవారీగా ప్రామాణిక బిషప్పుల పేర్లు ఇచ్చి, వారితో సహవాసం లేనివారి చర్చిలన్నిటినీ అప్పగించమంది.

రాజధానిలో ఇది ఎలా అమలైందో, అక్కడ నీకయ పక్షానికి నాయకుడుగా ఉన్న నజియాంజస్ గ్రెగరీయే రాసుకున్నాడు. నలభై ఏళ్లుగా అరియస్ పక్షం చేతిలో ఉన్న నగరం అది. 380 నవంబరులో థియోడోసియస్ అక్కడి బిషప్పు డెమోఫిలస్‌ను పిలిచి, నీకయను ఒప్పుకో, లేదా చర్చిలను వదిలిపో అన్నాడు. అతను వదిలిపోయి, ఊరి వెలుపల తన ప్రజలతో ప్రార్థనలు చేసుకున్నాడు. గ్రెగరీని సైనికుల మధ్య అపొస్తలుల చర్చికి తీసుకువెళ్లారు. వీధుల నిండా, కిటికీలలో, మేడల మీద జనం ఏడుస్తూ, కోపంతో చూస్తూ ఉన్నారని, నగరం శత్రువు చేజిక్కిన నగరంలా ఉందని అతను నిజాయితీగా ఒప్పుకున్నాడు. తన పక్షం గెలిచిన రోజు గురించి అలా రాయగలిగినవారు అరుదు. 381లో అదే నగరంలో 150 మంది బిషప్పులతో జరిగిన సభకు అధ్యక్షత వహించి, మధ్యలోనే విసిగి పదవి వదిలేశాడు. ఈ రోజు తెలుగు సంఘాలలో నీకయ విశ్వాస ప్రమాణంగా చదివే పాఠం చాలావరకు ఈ 381 సభకు చెందిన రూపమే. 325 నాటి పాఠంలో పరిశుద్ధాత్మ గురించి ఒక్క చిన్న వాక్యమే ఉండేది.

థియోడోసియస్ కాలం నుంచి శాసనాలు వరుసగా వచ్చాయి. భిన్న బోధకుల కూడికల స్థలాలను జప్తు చేయడం, కొన్ని వర్గాల వారికి వీలునామా రాసే హక్కు, వారసత్వం పొందే హక్కు లేకుండా చేయడం, వారు బిషప్పులను అభిషేకించకుండా నిషేధించడం ఇందులో ముఖ్యమైనవి. 438లో ప్రకటించిన థియోడోసియన్ శాసన సంహితలో పదహారవ భాగం పూర్తిగా మత విషయాలకే కేటాయించారు. అందులో భిన్న బోధకుల మీద ఉన్న అధ్యాయంలోనే 66 శాసనాలు ఉన్నాయి. అయితే అంకెను చూసి వెంటనే ఒక నిర్ణయానికి రావద్దు. ఒకే నిషేధం పదేపదే రావడం అంటే అది అమలు కాలేదనే అర్థం. థియోడోసియస్ కఠిన శిక్షలు రాసినా, భయపెట్టి దారికి తేవడమే తప్ప శిక్షించడం అతని ఉద్దేశం కాదని తరువాతి తరపు చరిత్రకారుడు సోజోమెన్ అన్నాడు. ప్రాణం తీసిన సందర్భమూ ఉంది. 385 ప్రాంతంలో ట్రియర్‌లో మాక్సిమస్ అనే చక్రవర్తి స్పెయిన్ బిషప్పు ప్రిస్కిలియన్‌ను మంత్రవిద్య నేరం మోపి చంపించాడు. అప్పుడు టూర్స్ బిషప్పు మార్టిన్, మిలాన్ బిషప్పు ఆంబ్రోస్ దానిని తీవ్రంగా ఖండించారు.

మళ్లీ కార్తేజ్‌కు రావాలి, ఎందుకంటే రాజ్యం ఐక్యతను అమలు చేసిన తీరు అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 411 జూన్‌లో హొనోరియస్ చక్రవర్తి ఆదేశంతో మార్సెల్లినస్ అనే అధికారి ఇరుపక్షాల బిషప్పులను ఒక స్నానశాల మందిరంలో సమావేశపరిచాడు. ఒక్కొక్క వైపు సుమారు 280 మంది బిషప్పులు. శీఘ్రలిపి లేఖకులు ప్రతి మాటా రాసుకున్నారు, ఆ ప్రతిలో ఎక్కువ భాగం నేటికీ ఉంది. అధికారి కూర్చోమంటే, దుష్టులతో కలిసి కూర్చోనన్న కీర్తన వాక్యాన్ని గుర్తుచేసి డొనాటిస్టులు నిలబడే ఉన్నారు. దానితో మార్సెల్లినస్ కూడా తన ఆసనం తీయించి నిలబడ్డాడు. డొనాటిస్టుల పత్రం మీది సంతకాలు నిజమైనవేనా అన్న అనుమానం రాగా, ఒక్కొక్క పేరూ పిలిచి మనిషిని ముందుకు రప్పించారు. ఊరి పేరు వినగానే అవతలి పక్షం నుంచి అదే ఊరి బిషప్పు లేచి, వీడు నాకు తెలుసు అనేవాడు. ఒక్కో చిన్న పల్లెలో ఇద్దరు బిషప్పులు, రెండు చర్చిలు, వంద ఏళ్ల పగ. ఆ జాబితా చదువుతుంటే చీలిక ఎంత లోతుగా దిగిందో సిద్ధాంత గ్రంథాలకన్నా బాగా అర్థమవుతుంది.

తీర్పు ముందే తెలిసినదే, డొనాటిస్టులు ఓడారు. 412 శాసనం హోదాను బట్టి జరిమానాలు విధించింది. అత్యున్నత శ్రేణి వారికి 50 పౌండ్ల బంగారం, నగర పాలక సభ్యులకు 5 పౌండ్లు. బానిసలకు, కౌలు రైతులకు దెబ్బలు. దీనిని సమర్థించినవాడు హిప్పో బిషప్పు అగస్టీన్. మొదట ఎవరినీ బలవంతంగా ఐక్యతలోకి తీసుకురాకూడదనే అతనూ అనుకున్నాడు. తన సొంత ఊరు థగస్తె శాసనాల భయంతో డొనాటిస్టు పక్షం వదిలి స్థిరపడడం చూసి అభిప్రాయం మార్చుకున్నానని ఒక ఉత్తరంలో చెప్పాడు. లూకా సువార్తలోని విందు ఉపమానంలో "లోపలికి వచ్చుటకు బలవంతము చేయుము" అన్న మాటను ఆధారంగా చూపాడు. మరణశిక్షను మాత్రం అతను వ్యతిరేకించాడు. అతని రచనలను ప్రేమతో చదివిన నాకు ఆ ఉత్తరం ప్రతిసారీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే తరువాతి శతాబ్దాలలో మతం పేరిట బలప్రయోగం చేసినవారు ఆ వాదననే వాడుకున్నారు, అతను పెట్టిన హద్దును వదిలేశారు.

దాని ఫలితం ఆఫ్రికా చాలా త్వరగా అనుభవించింది. 439లో కార్తేజ్‌ను పట్టుకున్న వాండల్ రాజులు అరియస్ పక్షం క్రైస్తవులు. 484లో హునెరిక్ రాజు అదే కార్తేజ్‌లో ఇరుపక్షాల బిషప్పులను సమావేశపరచి, నీకయ పక్షం ఓడిందని ప్రకటించి, రోమన్ చక్రవర్తులు డొనాటిస్టుల వంటి వారి మీద తెచ్చిన శాసనాలనే, ఆ 50 పౌండ్ల జరిమానాతో సహా, నీకయ పక్షం మీద అమలు చేశాడు. మీ చక్రవర్తుల చట్టమే కదా అని శాసనంలోనే అన్నాడు.

తూర్పున ఇదే పద్ధతి శాశ్వతమైన చీలికలకు దారి తీసింది. క్రీస్తులో దైవత్వం, మానవత్వం ఎలా కలిసి ఉన్నాయన్న వివాదం మీద 451లో మార్సియన్ చక్రవర్తి పిలిచిన కాల్సిడాన్ సభను నడిపింది రాజ్యాధికారులే. కొత్త ప్రమాణం వద్దని బిషప్పులు మొరపెట్టుకున్నా, రాయకపోతే సభను పశ్చిమానికి మారుస్తామని అధికారులు బెదిరించాక రాశారు. సంతకం పెడితే మా ఊరిలో మమ్మల్ని చంపేస్తారని ఈజిప్టు బిషప్పులు సభలో వేడుకున్నారు. అది అతిశయోక్తి కాదు. సైనికుల కాపలాతో అలెగ్జాండ్రియాలో నిలిపిన బిషప్పు ప్రొటేరియస్‌ను 457లో మార్సియన్ మరణవార్త అందాక గుంపు చంపేసింది. 482లో జీనో చక్రవర్తి ఇరుపక్షాలనూ కలపాలని ఒక ఐక్యతా పత్రం విడుదల చేస్తే, రోమ్ సంఘం కాన్‌స్టాంటినోపుల్‌తో 519 వరకు సంబంధం తెంచుకుంది. కాల్సిడాన్‌ను ఒప్పుకోని కాప్టిక్ (ఈజిప్టు), సిరియన్, ఆర్మీనియన్ సంఘాలు నేటికీ వేరుగానే ఉన్నాయి. మన పక్కనున్న కేరళలో 1665 తరువాత అంతియొకయ సిరియన్ సంఘంతో సంబంధం పెంచుకున్న మలంకర క్రైస్తవులు ఆ సంప్రదాయానికి చెందినవారే.

మిగిలింది బైబిలు పుస్తకాల సంగతి. నీకయ సభలో ఆ చర్చ జరిగిందనడానికి ఆధారం లేదు. ఆ సభ నిబంధనలలో గాని, పాల్గొన్నవారి ఉత్తరాలలో గాని అది కనిపించదు. కాన్‌స్టంటైన్ తన కొత్త రాజధాని చర్చిల కోసం 50 లేఖన ప్రతులు రాయించమని కైసరియ యూసేబియస్‌ను కోరిన మాట నిజం. బహుశా ఈ వార్తే పెరిగి పెద్దదై ఉంటుంది. కొత్త నిబంధనలోని 27 పుస్తకాలను, సరిగ్గా నేడు మనకున్నవాటినే, ఒకే జాబితాగా మనకు దొరికే తొలి పత్రం 367లో ఈజిప్టు సంఘాలకు వెళ్లిన ఈస్టరు ఉత్తరం. దానిని రాసినవాడు అథనేసియస్. అప్పటికి కాన్‌స్టంటైన్, కాన్‌స్టాంటియస్, జూలియన్, వాలెన్స్ అనే నలుగురు చక్రవర్తులు అతన్ని మొత్తం అయిదుసార్లు ఊరి నుంచి వెళ్లగొట్టి ఉన్నారు.